ఉక్కు మనది, పరిశోధన యెవరిది?

నిజామాబాదు మండలమందలి కోనసముద్రము నేడొక సామాన్య గ్రామము. ఒకప్పుడు పారసీక వర్తకులు ఆ యూరికి వచ్చి, మూసలలో కరగించిన యుక్కుముద్దలను ఖడ్గములకై కొనిపోవుచుండిరి. మన 'ఉక్కు' అను మాటయే పాశ్చాత్యుల నోట 'ఊట్జ్' అయ్యెనని పలువురు పండితుల యభిప్రాయము.

1795లో పియర్సన్ అను ఆంగ్లేయుడు ఈ యుక్కును పరీక్షించి వ్యాసము ప్రకటించెను. 1819లో ఫారడే దానిని శోధించి, అట్టిదానిని సృజింపగోరి యుక్కున ఇతర లోహములు కలిపి చూచెను. 2006లో జర్మనీ దేశమందలి డ్రెస్డెన్ పండితులు డమాస్కసు ఖడ్గమొకదానిలో అతిసూక్ష్మమైన కర్బన నాళికలను కంటిమని ప్రకటించిరి. వస్తువు మనది, తొలి పరీక్ష పరులది.

మన కమ్మరికి నేర్పు కొఱతపడలేదు. ఇనుమును, కట్టెపేడులను, ఆకులను మూసలో మూసి కాచి, మెల్లగా చల్లార్చిన ఏమగునో అతడెరుగును. ఏల అట్లగునో వ్రాసియుంచినవారు లేరు. కొలిమి యారినతోడనే విద్యయు నారెను. ఆ 'ఏల' యను ప్రశ్నయే నేటి పదార్థవిజ్ఞానమునకు మూలము.

నేడు మనకు విద్యాపీఠములు లేకపోలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున లోహశాస్త్రబోధ 1923లోనే యారంభమయ్యెను. హైదరాబాదున రక్షణ లోహపరిశోధనాలయము 1963 నుండి పనిచేయుచున్నది. లోపము భవనములయందు కాదు, పరిశోధక విద్యార్థి యెడ మనకుగల యుపేక్షయందున్నది. మిశ్రలోహమును కరగించి, కోసి, నునుపుచేసి, సూక్ష్మదర్శినిలో చూచి, లాగి విరిచి, తప్పు కనుగొని మరల మొదటినుండి కరగించుట వాని దినచర్య. ఇట్లు నాలుగైదేండ్లు గడచును. ఈలోపల తోడివారు ఉద్యోగములలో కుదురుకొందురు, బంధువులు "ఇంకను చదువేనా?" అని యడుగుదురు. 2023 జనవరి నుండి కేంద్రప్రభుత్వము తొలిదశ పరిశోధకునకు నెలకు 37,000 రూపాయల భృతి నిర్ణయించినది. అది సకాలమున అందుట లేదను మొర మాత్రము పలుమారులు వినబడుచునే యున్నది.

నిర్ణయించిన భృతిని నెలనెలా చెల్లించుట దయ కాదు, ధర్మము. ఒక సంస్థయందలి విలువగల యంత్రములు పొరుగు కళాశాల విద్యార్థికిని అందుబాటులో నుండవలెను. తలిదండ్రులును పరిశోధనను పనిలేని చదువుగా నెంచరాదు. కొబ్బరిమొక్క నాటిన యేడే కాయలు కోయగోరు రైతు లేడు. విద్య విషయమున మాత్రము మన కాయోపిక యేల లేదు? కోనసముద్రపు కొలిమి మరల రాజుకొనకున్నను కొఱత లేదు. అందలి విద్యవలె మఱియొక విద్య మన కన్నులయెదుట ఆరిపోరాదు.