పేరు మారుట తప్పగునా?

శాస్త్రజ్ఞులు పక్షుల పేర్లను మాటిమాటికి మార్చుచుందురనియు, కావున వానిని నేర్చుట వ్యర్థమనియు కొందరందురు. మేమట్లు తలపము.

శీతకాలమున పులికాటు సరస్సునకును కాకినాడ తీరమునకును వచ్చు గోధుమతల గల్ పక్షిని చూడుడు. అది వేసవిలో లడఖు, టిబెట్టులయందలి ఎత్తైన సరస్సులకడ గ్రుడ్లు పెట్టును. మనయొద్దకు వచ్చునప్పటికి దాని గోధుమవన్నె తల తెల్లబడి, చెవికడ నల్లని మచ్చ మాత్రము మిగులును. కావున పెరిగిన పక్షిని తలనుబట్టి గాక, నల్లని రెక్కకొనలయందలి తెల్లమచ్చలనుబట్టి గుర్తింపవలెను.

దీనిని 1840లో వర్ణించిన జెర్డను దొర నెల్లూరిలో కొంతకాలము వైద్యుడుగా నుండెను. ఆయన దీనిని లారస్ అను ప్రజాతిలో చేర్చెను. 2005లో వెలువడిన జన్యుపరిశోధన, ఆ ప్రజాతిలోని పక్షులన్నియు ఒక్క వంశమునకు చెందినవి కావని చూపెను. అంతట దీనిని క్రోయికోసెఫాలస్ అను ప్రజాతికి మార్చిరి.

ఇందు జెర్డను దొరకు అవమానమేమి? ఆయన కంటికి కనబడిన లక్షణములను వ్రాసెను. తరువాతివారు కంటికి కనబడని బంధుత్వమును కనుగొనిరి. సాక్ష్యము దొరకినపుడు పూర్వాభిప్రాయమును దిద్దుకొనుట శాస్త్రమునకు లోపము గాదు, గౌరవము. విద్యార్థికిని అదియే శోభ.