రాతిపొడి లెక్క తేల్చేదెవరు?

2025 ఏప్రిల్‌లో వచ్చిన ఈ వార్త మీలో కొందరైనా చూసే ఉంటారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే పద్ధతుల కోసం పెట్టిన ఎక్స్‌ప్రైజ్ పోటీలో 5 కోట్ల డాలర్ల ప్రథమ బహుమతి మాటీ కార్బన్ అనే సంస్థకు దక్కింది. వాళ్లు చేసే పని వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. బసాల్ట్ అనే నల్లరాయిని పొడి చేసి మన దేశంలోని చిన్న రైతుల పొలాల్లో చల్లడం! అయితే ఆ పొడి ఎన్ని టన్నుల కార్బన్‌ను పట్టిందో లెక్క చూపిస్తేనే కార్బన్ క్రెడిట్లు అమ్ముడవుతాయి. మీలాంటి వాళ్లతో పనిపడేది ఆ లెక్క దగ్గరే.

భూమి ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. వాన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి బలహీనమైన ఆమ్లం అవుతుంది. అది రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ కార్బన్ బైకార్బనేట్‌గా నదుల వెంట సముద్రం చేరి, కొంత సున్నపురాయిగా అడుగున పడుతుంది. అగ్నిపర్వతాలు మళ్లీ గాలిలోకి వదులుతాయి. వేడి పెరిగితే రాయి త్వరగా కరిగి గాలిలో కార్బన్ తగ్గుతుంది. ఏసీలో థర్మోస్టాట్ లాంటిదన్నమాట. కాకపోతే లక్షల ఏళ్లు పడుతుంది. పొడి చేయడమంటే ఆ పనిని తొందరపెట్టడమే.

ట్యాంకులోకి ఇంత నీరు వస్తోంది, ఇంత పోతోంది అంటూ మ్యాథ్స్‌లో అవకలన సమీకరణాలు చేశారు కదా. 1983లో బెర్నర్, లసాగా, గారెల్స్ అదే పద్ధతిలో గత 10 కోట్ల ఏళ్ల కార్బన్‌ను లెక్కగట్టారు. తర్వాత బెర్నర్ ‘జియోకార్బ్’ మోడల్‌తో 57 కోట్ల ఏళ్ల వెనక్కి వెళ్లారు. వేళ్లు లోతుగా దిగే మొక్కలు నేల మీదకు రావడం వల్ల రాయి ఎంత త్వరగా కరిగిందన్నదీ అందులో ఉంది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే దక్కన్ బసాల్ట్‌నే తీసుకోండి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఆ లావా పొంగినప్పుడు కార్బన్ వదిలింది. తర్వాత అదే రాయి కరుగుతూ కార్బన్‌ను తాగింది. మోడల్‌లో రెండూ ఉండాలి.

చిక్కల్లా వేగం దగ్గరే. ల్యాబ్‌లో రాయి కరిగే వేగానికీ, బయట నేలలో కరిగే వేగానికీ వందల, వేల రెట్ల తేడా రావచ్చు. యూరియా వేసిన పొలంలో నైట్రిక్ ఆమ్లం తయారై రాయిని కరిగిస్తే, రాయి కరుగుతుంది గానీ కార్బన్ పట్టుబడదు. అది పట్టించుకోని మోడల్‌తో అమ్మిన క్రెడిట్ ఉత్త కాగితమే. చివరికి చెడ్డపేరు రైతు పొలానికే వస్తుంది.

ఉద్యోగాలు వేలల్లో ఉన్నాయని చెప్పను, లేవు. కానీ కోడింగ్, కెమిస్ట్రీ రెండూ తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, బెంగళూరు ఐఐఎస్సీ ఎర్త్ సైన్సెస్ కేంద్రం వెబ్‌సైట్లు అప్పుడప్పుడూ చూస్తుండండి. సీజెనీ మోడల్ కోడ్ గిట్‌హబ్‌లో ఉచితంగానే ఉంది, ఫోర్‌ట్రాన్ చూసి భయపడకండి. అంతకంటే ముందు ఈ ఆదివారం పైథాన్‌లో గాలి, సముద్రం అని రెండు ట్యాంకులు రాసి, అగ్నిపర్వతాల కార్బన్‌ను రెట్టింపు చేయండి. మళ్లీ నిలకడకు రావడానికి ఎన్ని లక్షల ఏళ్లు పడుతుందో చూడండి.