పట్టా లేని రైతు

సాయంత్రమైతే అమీర్‌పేటలో కోచింగ్ పిల్లల మధ్య నిలబడి జొన్నరొట్టె తింటాను. మా వాడల్లో జొన్నరొట్టె, కొర్రన్నం తిన్నన్నాళ్లూ అది బీదల తిండి. ఇప్పుడది ఆరోగ్యం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని కూడా ప్రకటించింది.

మరి ఆ గింజను కాపాడిందెవరు? జహీరాబాద్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు. ఎక్కువమంది దళితులే. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, సామ కలిపి వేస్తారు. వాన తప్పి ఒకటి ఎండినా ఇంకొకటి నిలుస్తుంది. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి, మట్టి అలికిన గంపల్లో దాస్తారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

సర్కారు లెక్కలో మాత్రం రైతంటే పట్టాదారే. 2018లో రైతుబంధు కింద ఎకరానికి పంటకు 4,000 రూపాయలిస్తే, కౌలుకు దున్నినవాళ్లకు పైసా రాలేదు. 2014లో మొదలుపెట్టిన దళితులకు మూడెకరాల పథకం అందరికీ చేరనేలేదు.

నాకు డాక్టరేట్ ఉంది, విత్తే అదును తెలియదు. మా అమ్మకు తెలుసు. ఆమె పేర పాసుబుక్కు లేదు.

గ్రూప్స్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీరు డిప్యూటీ కలెక్టరో, నాయబ్ తహసీల్దారో అయితే పట్టా ఎవరిదని అడిగేముందు ఒక్కమాట అడగండి: ఈ చేను చేస్తున్నదెవరు?

జై భీమ్.