ఈ-బుక్ రీడర్ మనది, తాళంచెవి ఎవరిది?

ఈ-బుక్ రీడర్ కొందామనుకునే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే. తెర ఎన్ని అంగుళాలు? బ్యాటరీ ఎన్ని రోజులొస్తుంది? నా దగ్గరున్న ఫైలు ఇందులో తెరుచుకుంటుందా, నా భాష సరిగ్గా కనిపిస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు.

"ఇంగ్లీషు పుస్తకాలే కదా చదివేది, ఏదైతే ఏం?" అంటారా? కిండిల్ సంగతే చూడండి. 2009లో ఆర్వెల్ రాసిన '1984'ని, డబ్బు కట్టి కొన్నవాళ్ళ కిండిల్స్‌లోంచి అమెజాన్ దూరం నుంచే తుడిచేసింది. అమ్మినవాళ్ళకి హక్కుల్లేవట! డబ్బులైతే వాపసిచ్చారనుకోండి. ఈపబ్ ఫైలుని కిండిల్ నేరుగా తెరవదు, 2022 నుంచి అమెజాన్‌కి పంపితే వాళ్ళే మార్చి ఇస్తున్నారు. ఈపబ్ అంటే ఏముంది, జిప్ చేసిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీలే కదా!

ఇక మన తెలుగు. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలుపెట్టింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగువాళ్ళు 8 కోట్ల పైచిలుకు, మలయాళీలు 3.5 కోట్ల లోపు. అంటే జనం ఎంతమంది ఉన్నారన్నది ఒక్కటే లెక్క కాదన్నమాట.

8 కోట్ల మందికే ఇట్లయితే మన ఆదిలాబాద్ గోండుల సంగతేంటి? గుంజాల అనే ఊళ్ళో దొరికిన రాతప్రతుల వల్ల గోండీ లిపి ఒకటి వెలుగులోకి వచ్చింది. జయధీర్ తిరుమలరావు గారి బృందం దానిమీద పనిచేసింది. 2018లో యూనికోడ్ 11లో ఆ లిపికి చోటు దొరికింది. నోటో ఫాంటూ ఉంది. కానీ ఫాంటు ఒక్కటే ఉంటే చాలదు, గుణింతాలూ ఒత్తులూ కూర్చే సాఫ్ట్‌వేర్‌కి ఆ లిపి తెలిసుండాలి. తాళం వేసిన రీడర్ అయితే కంపెనీ దయ తలిచేదాకా ఆగాల్సిందే. కోబో లాంటి వాటిలో కోరీడర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఎక్కించుకోవచ్చు. అక్షరాల కూర్పుకి అది వాడుకునే హార్ఫ్‌బజ్ కూడా ఓపెన్ సోర్సే. ఎక్కడైనా తేడా వస్తే మనలాంటి వాళ్ళం కూర్చుని దిద్దుకోవచ్చు, ఒకరి అనుమతి అక్కర్లేదు.

అయితే తప్పంతా కంపెనీల మీదికి నెట్టలేం. మన ప్రచురణకర్తల్లో చాలామంది ఏళ్ళ తరబడి అను ఫాంట్లతోనే డీటీపీ చేయించారు. అది యూనికోడ్ కాదు. దాన్నే పీడీఎఫ్ చేసి ఇస్తే, ఆరంగుళాల తెరమీద ఒక్కో లైనూ పక్కకి జరుపుకుంటూ చదవాలి. మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. 2011లో సాహిత్య అకాడమీ అవార్డొచ్చిన సామల సదాశివ గారి 'స్వరలయలు' లాంటి పుస్తకం తాళం లేని యూనికోడ్ ఈపబ్‌గా ఉంటే, గల్ఫ్‌లో ఉన్న కరీంనగర్ మనిషి ఏ రీడర్‌లోనైనా హాయిగా చదువుకోడా?

నేను చెప్పొచ్చేదేమిటంటే, మార్కెట్ పట్టించుకోని భాషలకి ఓపెన్ ఫార్మాట్ ఒక్కటే దిక్కు. ఈసారి రీడర్ కొనేముందు ఒక తెలుగు ఈపబ్ అందులో వేసి చూపించమనండి. అక్షరాలు విరిగిపోతే మొహమాటం లేకుండా వెనక్కిచ్చేయండి. పుస్తకాలు వేసేవాళ్ళు ఎవరైనా తెలిసుంటే వాళ్ళని యూనికోడ్‌లోకి లాగండి. ఆ పని చేతనైంది మనకే కదా, ఏమంటారు?