వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గదు



మా ఊళ్లో ఒక రైతు చనిపోయి మూడేళ్లయింది. పాసు పుస్తకం ఇంకా ఆయన పేరునే ఉంది. కొడుకులిద్దరికీ పడక పంపకం తెగలేదు. ఆ చేలో జీవితమంతా చాకిరీ చేసిన ఆయన భార్యకు ఈరోజు బ్యాంకులో పంట రుణం పుట్టడం లేదు.

వీలునామా మాటెత్తితే మన పెద్దలు "అప్పుడే నా చావు కోరుతున్నారా?" అంటారు. అందులో భయపడాల్సిందేమీ లేదు. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. వాటా పొందేవారిని సాక్షిగా పెట్టకపోవడం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు స్పష్టంగా రాయండి.

గిఫ్టు డీడు రిజిస్టరైతే భూమి చేజారినట్టే. వీలునామా అలా కాదు. బతికున్నంతకాలం భూమి మనదే, మనసు మారితే తిరగరాయొచ్చు. చివరిదే చెల్లుతుంది.

ఒక్క మాట మరవొద్దు. స్వార్జితం మన ఇష్టం. పిత్రార్జితంలో మాత్రం మన వాటా వరకే రాయగలం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో అందులో కూతురికీ కొడుకుతో సమాన హక్కుంది. "కట్నం ఇచ్చాం కదా" అంటే ఆ హక్కు పోదు.

వచ్చే సంఘం మీటింగుకు పాసు పుస్తకం జిరాక్సు తెచ్చుకోండి, కూర్చుని మాట్లాడుకుందాం. రాసేటప్పుడు మాత్రం, మనతో పాటు నాట్లేసి కలుపు తీసిన ఇల్లాలి పేరు ముందు రాయండి.