పార్టు పంపితే తీరే బాకీ కాదు

"సారీ సార్, కొత్త పార్టు పంపించేస్తాం."

లేత్ మీద పెన్నులు తీసేవాళ్లలో, కిట్లు అమ్మేవాళ్ల నోట ఈ మాట విననివాళ్లు ఉండరు. విన్నవాళ్లు సంతోషపడతారు కూడా. పైసా అడక్కుండా పంపిస్తున్నారు, మంచివాళ్లు అనుకుంటారు. నేను దాన్ని మంచితనం అనను. బాకీ ఎగ్గొట్టడం అంటాను. వేలెడంత లోహం ముక్క కవర్లో పెట్టి పంపి, పాడైన చెక్కనీ దాని మీద పోసిన పనినీ లెక్కలోంచి తుడిచేయడం ఎక్కడి మంచితనం?

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. పెన్ను కిట్ అంటే చిన్న ప్లాస్టిక్ సంచిలో వచ్చే సామాను. అందరూ మొదట పట్టే స్లిమ్‌లైన్ రకంలో రెండు ఇత్తడి గొట్టాలు, ముందు మొన, తిప్పితే రీఫిల్‌ని బయటికి నెట్టే ట్విస్ట్ మెకానిజం, నడుమ పట్టీ, క్లిప్, పైటోపీ, ఓ రీఫిల్ ఉంటాయి. ఒళ్లు మనది. చెక్కని రెండు ముక్కలుగా కోసి, 7 మిల్లీమీటర్ల బిట్‌తో నిలువునా తొలిచి, గరుకు పెట్టిన గొట్టాన్ని సూపర్ గ్లూతోనో ఎపాక్సీతోనో లోపల అతికించాలి. చెక్క కొసల్ని గొట్టం అంచుకి సమంగా చెక్కాలి. కొలత చూపే లోహపు రింగులైన బుషింగుల మధ్య, మాండ్రెల్ అనే కడ్డీకి ఎక్కించి, లేత్ తిప్పుతూ ఉలితో సన్నగా తీయాలి. గరుకు కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి నునుపు చేయాలి. పూత మీద పూత వేసి మెరుగు పెట్టాలి. ఇదంతా పూర్తయ్యాకే, ఆ లోహపు పార్టుల్ని ఒక్కొక్కటిగా ప్రెస్‌లో పెట్టి గొట్టాల్లోకి నొక్కాలి.

కిట్‌లో దాగున్న లోపం బయటపడేది ఆ చివరి నొక్కుడులోనే. మెకానిజం ఉండాల్సినదానికంటే ఓ వెంట్రుకవాసి లావుగా ఉందనుకోండి, గొట్టం ఉబ్బుతుంది, చెక్క చీలుతుంది. వెంట్రుకవాసి సన్నగా ఉందనుకోండి, పెన్ను తిప్పినప్పుడల్లా మెకానిజమే గొట్టంలో గిర్రున తిరుగుతుంది, రీఫిల్ బయటికి రాదు. పొరపాటున నొక్కామని వెనక్కి లాగుదామంటే అంత సులువు కాదు. పట్టుకారుతో పట్టి లాగితే పార్టు నలిగిపోతుంది. వెనకనుంచి కడ్డీ పెట్టి మొనని కొట్టి తీయబోతే, అప్పటిదాకా బాగున్న చెక్క కూడా అంచు లేచిపోవచ్చు. తయారుచేసినవాడి తప్పు చేసేవాడి చేతిలో, చేసేవాడి చెక్క మీద, పని మొత్తం పూర్తయ్యాక పేలుతుంది. ఈ సంగతి కిట్లు అమ్మేవాళ్లకి నాకంటే బాగా తెలుసు. తెలిసీ పార్టు మాట తప్ప చెక్క మాట ఎత్తరు.

ఒక రిటైర్డు మాస్టారి అమ్మాయి నా దగ్గరికి పాత టేకు ముక్క తెచ్చారు. ఊళ్లో వాళ్ల ఇల్లు కూల్చేస్తుంటే, వీధి గుమ్మం కమ్మీలోంచి ఒక ముక్క కోయించి దాచుకున్నారు. మేకులు దిగిన చోట్లు వదిలేస్తే రెండు పెన్నులకి సరిపడా చెక్కే మిగిలింది. ఒకటి నాన్నగారికి, ఒకటి అమెరికాలో ఉన్న తమ్ముడికి. మొదటిది చక్కగా వచ్చింది. రెండోది ప్రెస్‌లో మెకానిజం నొక్కుతుంటే 'టిక్' మంది. కింది సగం చెక్క ఈనె వెంట, మొన దాకా చీలింది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూశాను. అదే అంగడి నుంచి, అదే పేరుతో, ఒకేసారి తెప్పించిన రెండు కిట్లలో మెకానిజాల మందం వేరువేరుగా ఉంది. ఫొటోలు తీసి, కొలతలు రాసి పంపాను. వారంలో కొత్త మెకానిజం వచ్చింది, నవ్వు బొమ్మ వేసిన కార్డుతో సహా. ఆ గుమ్మాన్ని ఎవరు పంపుతారు? తమ్ముడి పెన్ను చీలిపోయిందని ఆ అమ్మాయికి నేను చెప్పిన మాటని ఆ కార్డు రాసినవాళ్లు ఒక్కసారి తామే స్వయంగా వచ్చి చెప్పాలి.

"చవక సరుకు కదా, ఆమాత్రం ఉంటుంది" అనేవాళ్లున్నారు. చవకదైతే, ఆ సంచి మీద 'ప్రీమియం' అని రాసిందెవరు? కొలిచి చూడని సరుకైతే కొలవలేదని రాయండి, కొనాలో వద్దో మేం తేల్చుకుంటాం. పైగా ధర పెరిగితే లోపాలు పోతాయా అంటే అదీ లేదు. ఖరీదైన ఫౌంటెన్ పెన్ను కిట్లలో క్యాప్ లోపలి మరలు సగం చుట్టు తిరిగి పట్టేయడం, పాళీ రెండు రెక్కలూ ఒకదానికొకటి ఎగుడుదిగుడుగా ఉండటం, ఇంకు నింపుకునే కన్వర్టర్ మెడ దగ్గర తడి ఊరడం ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఎరిగినవే. బంగారు పూత అని గొప్పగా అమ్మే పార్టుల మీద ఆ బంగారం ఎంత పల్చనో, రోజూ జేబులో పెట్టుకుని రాసేవాడి క్లిప్ చూస్తే తెలుస్తుంది. టైటానియం నైట్రైడ్ పూత అంతకంటే ఎంతో గట్టిది. ఏ పూత జేబులో నిలుస్తుందో ఏది నిలవదో అమ్మేవాడు చెప్పాలి. 24 క్యారెట్ అన్న అక్షరాలు మెరిపించి ఊరుకుంటే, పెన్ను కొన్నవాళ్లు వచ్చి నిలదీసేది దాన్ని తీసినవాడిని.

ఈ లోపాల్ని ఫ్యాక్టరీలో పట్టుకోవడం అంత కష్టమా? కానే కాదు. మన హైదరాబాద్ బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ మెషిన్ షాపుకైనా వెళ్లి అడగండి. రెండు బెజ్జాలున్న గేజ్ ఒకటి ఉంటుంది. సరైన కొలతలో ఉన్న పార్టు ఒక బెజ్జంలో దూరాలి, రెండోదాంట్లో దూరకూడదు. పని నేర్చుకుంటున్న కుర్రవాడు కూడా గంటలో గంపెడు పార్టుల్ని అలా వేరుచేస్తాడు. బోల్టు తీసేవాడు చేస్తున్న పనిని, పెన్ను పార్టు తీసేవాడు ఎందుకు చేయడు? వాడి తరఫున మనం చేస్తున్నాం కాబట్టి. ఆ పరీక్షకి మన చెక్క ఖర్చవుతోంది, వాడికి ఒక్క కానీ ఖర్చు కావడం లేదు.

అసలు ఆ 'వాడు' ఎవడో ఎవరికైనా తెలుసా? కిట్ సంచి తిప్పి చూడండి. అమ్మేవాడి పేరు ఉంటుంది. గొట్టం ఏ ఊళ్లో కోశారు, మెకానిజం ఎవరు తయారుచేశారు, పూత ఏ షెడ్డులో వేశారు అన్నది ఉండదు. బ్యాచ్ నంబరు ఉండదు. చవక ఫౌంటెన్ పాళీల మీద 'ఇరిడియం పాయింట్ జర్మనీ' అని చెక్కి ఉంటుంది. అది ఏ కంపెనీ పేరూ కాదు. ఆ ముద్ర చూసి తయారీదారెవరో పట్టుకోలేం. ఇప్పటి పాళీల కొసన పెట్టే గట్టి లోహంలో ఇరిడియం ఉండటమే అరుదు. ఊరూ పేరూ లేని పార్టుకి జవాబుదారీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

పెన్ను తయారీలో పేరుకి ఎంత విలువ ఉంటుందో తెలుగువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. రాజమండ్రిలో రత్నంగారు స్వదేశీ పట్టుదలతో చేసిన పెన్ను అందుకుని, 1935లో గాంధీజీ ఆయనకి స్వయంగా ఉత్తరం రాశారు. రత్నం పెన్ను అంటే ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్‌కి ఎక్కించి, ఒళ్లూ క్యాపూ తీసి, మరలు కూడా అక్కడే కోసి చేసిన పెన్ను. క్యాపు బిగుసుకుంటే తీసుకెళ్లి ఇవ్వడానికి ఒక కొట్టు ఉంది, ఆ కొట్టుకి ఒక పేరుంది, ఆ పేరు పెన్ను మీదే ఉంది. తేడా వస్తే ఆ మరల్ని సరిచేయాల్సింది వాటిని కోసిన చేతులే. కిట్ వ్యాపారం ఆ బంధాన్నే తెంచేసింది. పెన్ను మీద పేరు నాది, లోపల లోపం ఎవడిదో! మాట పడేది మాత్రం నేను.

ఇక్కడ చట్టం కూడా నిద్రపోవడం లేదు, మనమే లేపడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. లోపమున్న వస్తువు వల్ల, ఆ వస్తువు కాక మన వేరే ఆస్తికి జరిగిన నష్టాన్ని కూడా అందులో హానిగా గుర్తించారు. చీలిన చెక్క కిట్‌లో భాగం కాదు, అది నాది. ఆన్‌లైన్‌లో కొంటే 2020 ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. "నేను పెన్నులు అమ్ముకుంటాను కదా, నన్ను వినియోగదారుడంటారా?" అని వెనకాడేవాళ్లున్నారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొనుక్కున్న సరుకుని ఆ చట్టం వ్యాపారంగా చూడదు. చిన్న కిట్ కోసం కమిషన్ దాకా వెళ్తామా అంటారా? మనం వెళ్లమన్న ధీమాతోనే వాళ్లు ఇలాంటి సరుకు అమ్ముతున్నారు.

ఇక మనవాళ్ల సంగతి. లేత్ పనివాళ్లంత సర్దుకుపోయే మనుషుల్ని నేనింకెక్కడా చూడలేదు. మెకానిజం వదులుగా ఉంటే రెండు చుక్కలు గ్లూ వేసి బిగిస్తారు. నడుమ పట్టీ చెక్క కంటే ఎత్తుగా నిలిస్తే, చెక్కని కాస్త లావుగా వదిలి కప్పేస్తారు. ఆ కిటుకుల్ని కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి విద్యలా నేర్పిస్తారు. ఒక్కసారైనా ఆ పార్టు చెడ్డదని పైకి అనరు. ఉచితంగా ఇంకోటి వచ్చిందని ఆ అంగడినే నలుగురికీ చూపిస్తారు. కిట్లు ఊరికే పుచ్చుకుని వీడియోలు చేసేవాళ్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. సంచి తెరిచి, వెర్నియర్ తాకించకుండానే, అద్భుతమని ఊదరగొడతారు. వాళ్ల మాట నమ్మి కొన్న కొత్తవాడు మొదటి పెన్నే చీలితే తన చెయ్యే మంచిది కాదనుకుని లేత్ అమ్మేస్తాడు. తిలాపాపం తలా పిడికెడు. ఆ పాపంలో మన పిడికిలి చిన్నదేం కాదు.

కాబట్టి, లేత్ ముందు నిలబడే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. కిట్ వచ్చిన రోజే సంచి విప్పండి. గొట్టాన్ని అద్దం పలక మీద దొర్లించండి, గుండ్రం కాకపోతే దడదడమంటూ తెలిసిపోతుంది. మొన, మెకానిజం, పట్టీ, క్లిప్ పట్టే చోటు, అన్నిటినీ వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకోండి. బుషింగ్ మందమూ పార్టు మందమూ ఒకటేనో కాదో చూడండి. రీఫిల్‌ని మెకానిజానికి బిగించి, నొక్కకముందే వేళ్లతో తిప్పి చూడండి. మరలన్నీ చివరిదాకా తిప్పండి. తేడా కనిపిస్తే పార్టు ఒక్కటే అడగొద్దు, ఏ బ్యాచ్‌దో అడగండి, మిగతా కొన్నవాళ్లందరికీ చెప్పారా అని అడగండి. చెక్క పోతే చెక్క ఖరీదు అడగండి. ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. చెడిన పార్టుని గ్లూతో కప్పెట్టి ఊరుకోవద్దు. అంగడి పేరు, కొలత, ఫొటో నలుగురిలో పెట్టండి.

అమ్మేవాళ్లకి చెప్పేది ఇంతకంటే తక్కువే. ప్రతి పార్టు కొలతా, అందులో ఎంత హెచ్చుతగ్గు ఒప్పుకుంటారో కూడా సంచి మీద అచ్చువేయండి. బ్యాచ్ నంబరు వేయండి. గొట్టాలూ మెకానిజాలూ విడిగా కూడా అమ్మండి. తప్పు బయటపడిన బ్యాచ్‌ని వెనక్కి తెప్పించండి. గేజ్ పెట్టండి, పని తెలిసిన మనిషిని పెట్టండి, దానికయ్యే ఖర్చు ధరలో కలపండి. మేం ఇస్తాం. సరైన సరుకుకి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడానికి ఈ పని చేసేవాళ్లెవరూ వెనకాడరు.

మీ పార్టు మా చెక్కని చీలిస్తే, ఆ చెక్క ఖరీదు మీది, ఆ పని కూలీ మీది. అది ఒప్పుకుంటూ రాసివ్వండి. ఇవ్వలేమంటే ఆ కిట్లు మీ గోడౌన్లోనే ఉంచుకోండి. మాకు ఎబొనైట్ ఉంది, చెక్క ఉంది, మరలు కోసే పనిముట్లు దొరుకుతాయి. కిట్ లేకుండా పెన్ను చేయడం రాజమండ్రిలో ఎప్పుడో నేర్చుకున్నారు, మేమూ నేర్చుకుంటాం.