గట్టు కనిపించని చేను

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి మాస్టారు ఒక పుస్తకం చంకన పెట్టుకుని వచ్చారు. హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఆయన చంకలో పంచాంగమో, పేపరో తప్ప మరొకటి నేనెన్నడూ చూడలేదు. ఇదేమో నిగనిగలాడే అట్ట, అట్టమీద ఆకాశాన్నంటే మేడలు, నక్షత్రాల జెండా! అమెరికాలో డబ్బు పెట్టి ఎంతకెంత చేసుకోవచ్చో చెప్పే సరికొత్త వ్యాపార గ్రంథమట. డాలస్‌లో వున్న మేనల్లుడు పంపించాడు.

"అమ్మాయీ, నాలుగు పుస్తకాలు చదివేదానివి. ఇది చూసి నీ అభిప్రాయం చెప్పు. తొందరేం లేదు, బుధవారానికి చెబితే చాలు" అన్నారు.

తొందర లేనివారికి బుధవారం గడువేమిటా అనుకున్నాను. సాయంత్రం పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆవిడ పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరన్నర పొలం తెనాలి దగ్గర వుంది. దాన్ని అమ్మేసి, అద్దె ఇళ్లు కొని నడిపే ఒక డాలస్ కంపెనీలో వాటాలు తీసుకోమని మేనల్లుడి సలహా. కొనేవాడు గురువారం వస్తున్నాడు!

రెండు రాత్రులు కూర్చుని పుస్తకం పూర్తి చేశాను. అబద్ధమెందుకు, హాయిగా చదివించాడు. అమెరికా పెద్ద మార్కెట్టు అంటాడు, చట్టమున్నది, కోర్టులున్నవి అంటాడు. పరాయి దేశాల పెట్టుబడులు అక్కడికి వచ్చినంతగా మరెక్కడికీ రావడం లేదంటాడు. నిజమే. కాని పెళ్లిళ్ల పేరయ్య సంబంధం చెప్పినట్టు, మంచి మాత్రమే చెప్పి ఊరుకున్నాడు. గెలిచినవాళ్లు పేజీపేజీకీ కనిపిస్తారు. ఓడినవాళ్లు ఒక్కరూ లేరు.

అందుకని మాస్టారికి ఆ పుస్తకం తిరిగి ఇస్తూ మరొక పుస్తకం సంగతి చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. మీరా విల్కిన్స్ అనే ఆర్థిక చరిత్రకారిణి అమెరికాలో విదేశీ పెట్టుబడుల చరిత్రను రెండు సంపుటాలుగా రాసింది. 1914 దాకా నడిచే మొదటిది 1989లో, 1945 దాకా నడిచే రెండోది 2004లో వచ్చాయి. ఒక్కొక్కటీ దిండు కింద పెట్టుకునేంత లావు. కొత్తవి కావు, అట్టమీద మేడలూ లేవు. కాని పరాయి దేశానికి డబ్బు పంపాలనుకునే ఇంట ఎవరో ఒకరు తిరగెయ్యవలసిన పుస్తకాలివి.

లోకానికంతటికీ అప్పులిచ్చే షావుకారుగా మనం ఎరిగిన అమెరికా, తాను పెరిగింది అప్పులమీదే సుమా! స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజుల్లో, 1782లో, జాన్ ఆడమ్స్ హాలెండు వెళ్లి అక్కడి షావుకార్ల దగ్గర 50 లక్షల గిల్డర్లు అప్పు తెచ్చాడు. 1803లో ఫ్రాన్సు నుంచి లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకు కొన్నప్పుడు, ఆ బేరానికి బాండ్లు తీసుకుని సొమ్ము సర్దినది లండన్ బేరింగ్స్, ఆంస్టర్‌డాం హోప్ కంపెనీలు. రైలుమార్గాలకు, పశువుల మందలకు కూడా సముద్రం అవతలి డబ్బే ఎరువు. 1914 నాటికి ప్రపంచంలో అందరికన్నా పెద్ద ఋణగ్రస్త దేశం అమెరికాయే.

మరి ఇచ్చినవాళ్లు ఏమయ్యారు? అక్కడే వుంది కథ.

సిడ్నీ స్మిత్ అని ఇంగ్లండులో ఒక మతాచార్యుడు, మహా హాస్యప్రియుడు. తన దగ్గరున్న సొమ్ములో కొంత పెన్సిల్వేనియా రాష్ట్రం బాండ్లలో పెట్టాడు. 1842లో ఆ రాష్ట్రం వడ్డీ చెల్లించడం ఆపేసింది. ఆయన మండిపడి అమెరికా కాంగ్రెసుకే అర్జీ రాశాడు, పత్రికల్లో దులిపేశాడు. లోకమంతా నవ్వుకున్నది గాని డబ్బు రాలేదు. విసిగి నష్టానికి బాండ్లు అమ్ముకున్నాడు. 1845లో పెన్సిల్వేనియా మళ్లీ చెల్లింపులు మొదలుపెట్టింది. ఆ యేడే ఆయన కన్నుమూశాడు. అదే కాలంలో మిసిసిపీ రాష్ట్రం తన బాండ్లు కొన్నింటిని అసలు తీర్చనే లేదు.

అదే దేశంలో మరొకరి అనుభవం చూడండి. స్కాట్లండులో డండీ పట్నం జనుప మిల్లులకు పేరు. జనుప మన బెంగాల్ నుంచి పోయేది. అక్కడ ఒక వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరిన రాబర్ట్ ఫ్లెమింగ్, 1873లో నలుగురి సొమ్మూ పోగుచేసి అమెరికా రైల్వే బాండ్లలో పెట్టే ట్రస్టు ఒకటి స్థాపించాడు. సొమ్మునంతా ఒక్క కంపెనీలో పెట్టలేదు, పలుచోట్ల పంచాడు. అంతటితో ఊరుకోకుండా ఓడెక్కి మాటిమాటికీ అమెరికా వెళ్లి, లెక్కలు చూసి వచ్చేవాడు. ఆయన నిలబడ్డాడు, ఆయనను నమ్మినవాళ్లూ నిలబడ్డారు. జేమ్స్ బాండ్ నవలలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్ ఈయన మనుమడే!

కాపలా ఒక్కటీ చాలుతుందా అంటే, చాలని రోజులూ వచ్చాయి. జర్మనీ బేయర్ కంపెనీకి అమెరికాలో సొంత ఫ్యాక్టరీ వుండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఆస్తి అని సర్కారు దాన్ని స్వాధీనం చేసుకుని, 1918 డిసెంబరులో 53 లక్షల డాలర్లకు వేలం వేసింది. ఫ్యాక్టరీతోపాటు పేరు కూడా పోయింది. తన పేరుమీద పూర్తి హక్కు అమెరికాలో తిరిగి సంపాదించుకోడానికి బేయర్‌కు 1994 దాకా పట్టింది. అందుకోసం జరిగిన బేరం 100 కోట్ల డాలర్లు. మన సొమ్ము మనదే కావచ్చు, అది వున్న ఇల్లు మాత్రం పరాయివాడిది.

పుస్తకం 1945తో ఆగింది గాని కథ ఆగలేదు. హోండా 1979లో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో మోటారు సైకిళ్లు, 1982లో కార్లు చేయడం మొదలుపెట్టింది. అక్కడి మనుషులకు పని నేర్పి, అక్కడే పాతుకున్నది. అదే జపాను నుంచి మిత్సుబిషి ఎస్టేట్ అనే కంపెనీ 1989లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో 51 శాతం వాటా 84 కోట్ల 60 లక్షల డాలర్లకు కొన్నది. "మన దేశాన్ని కొనేస్తున్నారు" అని అమెరికావాళ్లు గగ్గోలు పెట్టారు. అద్దెలు అనుకున్నట్టు రాలేదు. 1995లో ఆ ఆస్తి దివాలా కోర్టుకెక్కింది. ఒకరు పని కొన్నారు, మరొకరు పేరు కొన్నారు.

మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కూడా 2008లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్టులో మందుల ఫ్యాక్టరీ కొన్నది. అది తనకు తెలిసిన పని. కాబట్టి అమెరికాలో డబ్బు పెట్టడమే తప్పని నేననను.

అయినా, పెద్ద కంపెనీలకు వకీళ్లు వుంటారు. మనలాంటి ఇళ్లవాళ్లకు ఎవరున్నారు? పెట్టుబడి పెట్టి పదిమందికి ఉద్యోగాలు కల్పిస్తే గ్రీన్ కార్డు ఇస్తామని అమెరికా 1990లో చట్టం చేసింది. ఆ ఆశతో ఎన్నో దేశాల కుటుంబాలు వెర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అనే మంచుకొండల విడిదికి సొమ్ము పంపాయి. ఆ సొమ్ములో 20 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లిందని 2016లో అక్కడి పెట్టుబడుల నియంత్రణ సంస్థ కోర్టుకెక్కింది. తరువాత నడిపినవాళ్లకు జైలుశిక్షలు పడ్డాయి. దొంగ దొరికాడు సరే, సొమ్ము పంపినవాళ్లకు పోయిన నిద్ర ఎవరిస్తారు?

ఇదంతా విని మాస్టారు, "అయితే లెక్క ఎక్కడ తప్పిందంటావు?" అన్నారు, లెక్కల మాస్టారు గదా!

"తప్పలేదండీ, ఒక అంకె వదిలేశారు" అన్నాను. మన దేశం నుంచి ఒక మనిషి ఏడాదికి 2 లక్షల 50 వేల డాలర్ల దాకా పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఒప్పుకున్న మాట పుస్తకంలో వున్నది. అమెరికా పౌరుడు కాక, అక్కడ స్థిరపడనూ లేని మనిషి పేర అక్కడి ఇల్లు, అక్కడి కంపెనీ వాటాలు వుండి, ఆ మనిషి కాలం చేస్తే, 60 వేల డాలర్లు దాటిన ఆస్తిమీద ఆ సర్కారు 40 శాతం దాకా పన్ను వేయవచ్చు. ఈ సంగతి మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. మన దేశంలో అలాంటి పన్ను 1985లోనే ఎత్తేశారు గనుక మనకది తోచదు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి విన్న పిన్నిగారు అప్పుడు నోరు విప్పారు.

"నా చేను గట్టెక్కి చూస్తే కనిపిస్తుంది. కౌలు ఎగ్గొడితే వాడి గుమ్మంలో కూర్చుని అడుగుతాను. అక్కడ ఇల్లు కారితే బాగుచేసేదెవరు? లెక్క తప్పితే నేనెవరి గుమ్మంలో కూర్చోను?"

వెయ్యి పేజీల చరిత్రలో వున్నదీ ఇదే ప్రశ్న. పిన్నిగారు రెండు వాక్యాల్లో అడిగేశారు.

ఆ రాత్రే మేనల్లుడికి ఫోను చేశారు. ఆ కంపెనీ లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు, మన సొమ్ము వెనక్కి కావాలంటే ఎన్నాళ్లలో ఇస్తారు, నువ్వు స్వయంగా వెళ్లి ఆ ఇళ్లు చూశావా అని మూడే మూడు అడిగారు. "కనుక్కుని చెబుతాను మామయ్యా" అన్నాడట. కుర్రాడు మంచివాడే. తన డబ్బూ అందులోనే పెట్టాడట, పాపం.

గురువారం వచ్చినవాణ్ణి పంట చేతికొచ్చాక రమ్మని పంపేశారు. మేనల్లుడి జవాబు ఇంకా రాలేదు. మీ ఇంటికీ అట్టమీద మేడలున్న పుస్తకం వచ్చి వుంటే, సంతకాలు పెట్టేముందు ఆ మూడు ప్రశ్నలూ అడగండి. పొలం ఎవరి పేర వున్నదో, వారిని మాత్రం మొదట అడగండి.